తామరకు ఆకు మందు: ఎలా వాడాలి, ఎక్కడ ఆపాలి

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో వేసవి మొదలైన నాటి నుంచి ఉక్కపోత తగ్గే దాకా, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనాల ముసురు పట్టిన రోజుల్లోనూ, ఇంటికొకరైనా గజ్జల్లోనో నడుము చుట్టో గోకుతూ కనిపిస్తారు. చెమట ఆరని ఒళ్లు, సరిగా ఎండని బట్ట ఉన్నచోట తామర పుట్టడానికి వేరే కారణం అక్కరలేదు. మన వాళ్లు ముందుగా వేపాకు నూరి పూస్తారు, లేదా ఎవరో చెప్పిన పసరు పిండుతారు, అదీ కాకపోతే మెడికల్ షాపుకు వెళ్లి ఏదో ఒక ట్యూబు అడుగుతారు. మూలికలతో తామరను కొంతవరకు అదుపు చేయవచ్చు. అయితే శరీరం మీద ఒకటి రెండు చోట్ల, అరచేతికి మించని విస్తీర్ణంలో, కొత్తగా వచ్చిన మచ్చకు మాత్రమే ఆ ప్రయత్నం తగినది. పాతబడిన తామరకు, ఒళ్లంతా పాకిన తామరకు ఆకు పసరు పూస్తూ కూర్చోవడం రోగానికి సమయం ఇవ్వడమే అవుతుంది.

ముందుగా అది తామరేనా

తామర శిలీంధ్రం చర్మం పైపొరలోనూ వెంట్రుకల్లోనూ గోళ్లలోనూ ఉండే కెరటిన్ అనే పదార్థాన్ని తిని బతుకుతుంది. ఒకచోట మొదలై చుట్టూ ఉన్న కొత్త చర్మంలోకి పాకుతూ పోతుంది కాబట్టే మచ్చ ఉంగరంలా గుండ్రంగా కనిపిస్తుంది. అంచు ఎర్రగా, కాస్త ఉబ్బెత్తుగా, సన్నని పొలుసులతో ఉంటుంది. నడిమి భాగం తేరుకున్నట్టు ఉంటుంది. రోగం చురుకుగా ఉండేది ఆ అంచులోనే. మందు పూసేవారిలో చాలామంది మధ్యలో దట్టంగా రుద్ది అంచును వదిలేస్తారు. ఆకు పసరైనా, ఆసుపత్రి మందైనా అంచు మీద, అంచు దాటి మరో రెండు సెంటీమీటర్ల మేర మంచి చర్మం మీద కూడా పడాలి.

దురద పెట్టే ప్రతి మచ్చా తామర కాదు. వేళ్ల సందుల్లో చిన్న చిన్న పొక్కులు వచ్చి, రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో అందరికీ అదే బాధ ఉంటే అది గజ్జి కావచ్చు. దానికి కారణం శిలీంధ్రం కాదు, కంటికి కనిపించని పురుగు. మోచేతుల మీద, మోకాళ్ల మీద, తలలో వెండి రంగు పొలుసులు మందంగా కడితే సోరియాసిస్‌ను అనుమానించాలి. మెడ, ఛాతీ, వీపు మీద తెల్లగానో గోధుమ రంగులోనో మచ్చలు పరచుకుని, గీకితే పిండిలా రాలుతూ, దురద పెద్దగా లేకపోతే అది శోభి. అది కూడా శిలీంధ్రం వల్ల వచ్చేదే, కానీ ఆ శిలీంధ్రం వేరు, దానికి చేయవలసిన పనీ వేరు.

తప్పనిసరిగా చేసి చూడవలసిన పరీక్ష ఒకటి ఉంది. కళ్లు మూసుకోమని చెప్పి, దూది కొసను మచ్చ మీద మెల్లగా తాకించాలి. స్పర్శ తెలియకపోతే, లేదా ఆ చోట చెమట పట్టకుండా వెంట్రుకలు రాలిపోయి ఉంటే, అది కుష్ఠు కావచ్చు. అప్పుడు ఏ ఆకూ పూయకుండా నేరుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. దానికి మందులు ఉచితంగా ఇస్తారు, పూర్తిగా నయమవుతుంది.

పిల్లల తలలో వెంట్రుకలు ఊడి పొలుసులతో మచ్చలు పడితే మూలికల జోలికి వెళ్లవద్దు. శిలీంధ్రం వెంట్రుక కుదురులోకి దిగి ఉంటుంది కాబట్టి పైన ఏది పూసినా అక్కడికి చేరదు. కడుపులోకి ఇచ్చే మందే కావాలి. గుండు కొట్టిస్తే పోతుందని కొందరు తిరుమల మొక్కును ముందుకు జరుపుతారు. మొక్కు తీర్చుకోవడం వేరు, వైద్యం వేరు. అలాంటి పిల్లవాడికి గుండు చేయించేటప్పుడు కత్తికి కొత్త బ్లేడు వేయించుకోవడం ఎంత అవసరమో, ఆ బ్లేడు మరొకరికి వాడకుండా చూడటమూ అంతే అవసరం. గోళ్లకు పట్టిన శిలీంధ్రం సంగతీ ఇంతే. కాలి గోరు పూర్తిగా కొత్తగా పెరగడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది, అంత మందమైన గోరులోకి పసరు దిగదు. మధుమేహం ఉన్నవారు, గర్భిణులు, ఏడాది లోపు పసివాళ్లు ఈ పద్ధతులు సొంతంగా పాటించకూడదు.

తడి ఆరకుండా మందు పనిచేయదు

మూలిక కన్నా ముందు చెప్పుకోవలసింది మొలతాడు గురించి. నడుముకు కట్టిన నూలు మొలతాడు స్నానంలో తడుస్తుంది, చెమటకు తడుస్తుంది, ఎప్పుడూ పూర్తిగా ఆరదు, ఎవరూ దాన్ని విప్పి ఉతకరు. నడుము చుట్టూ తామర ఉన్న మగవారు ఎన్ని మందులు వాడినా తిరగబెట్టడానికి చాలాసార్లు అదే కారణం. తగ్గే దాకా తీసేయాలి; ఆచారం కాదనలేకపోతే పాతది పారేసి, తగ్గాక కొత్తది కట్టుకోవాలి. ఆడవారికి లంగా బొందు బిగిసే చోటే ఈ బాధ మొదలవుతుంది. బొందు వెడల్పుగా ఉన్న లంగా, రోజూ మార్చిన లంగా ఇక్కడ సగం వైద్యం. బిగుతు జీన్స్ గురించి యువకులకు చెప్పినా వినరు కాబట్టి, కనీసం ఇంట్లో ఉన్నంతసేపు నూలు లుంగీ కట్టుకోమని చెప్పడం మేలు.

అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కేవారికి తొడలు ఒరుసుకుని చర్మం కమిలిపోతుంది. ఆ కమిలిన చర్మంలోకి శిలీంధ్రం తేలికగా చేరుతుంది. పైకి చేరాక పుష్కరిణిలో మునిగి, అవే తడి బట్టలతో గంటల తరబడి క్యూలో నిలబడితే ఇక చెప్పనక్కరలేదు. నడకకు వెళ్లేవారు సంచిలో ఒక పొడి లోదుస్తు, ఒక చిన్న తువ్వాలు పెట్టుకోవాలి. స్నానం తర్వాత గజ్జలు, చంకలు, కాలివేళ్ల సందులు తుడిచి ఆరనిచ్చాకే బట్ట కట్టుకోవాలి. కపిలతీర్థంలో జలపాతం కింద తడిసి వచ్చేవారికీ ఇదే మాట. అద్దె గదుల్లో ఉన్న తువ్వాళ్లు వాడకుండా సొంతవి తెచ్చుకుంటే ఇంకా మంచిది.

చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో సీజన్ పొడవునా చేతులు తడిలో ఉంచి పనిచేసే ఆడవారికి గోరు చుట్టూ చర్మం ఉబ్బి, నొక్కితే నొప్పి పెట్టే బాధ వస్తుంది. అది తామర కాదు, ఎక్కువగా క్యాండిడా అనే మరో శిలీంధ్రం పని. వారికి రబ్బరు చేతి తొడుగు, దాని లోపల పలుచని నూలు తొడుగు ఏ ఆకు కన్నా ఎక్కువ మేలు చేస్తాయి. పాడి ఉన్న ఇళ్లలో మరొకటి చూడాలి. దూడ కళ్ల చుట్టూ, మెడ మీద బూడిద రంగు చెక్కులు గుండ్రంగా కట్టి ఉంటే దానికి తామర ఉన్నట్టే. దాన్ని పట్టుకుని పాలు పితికేవారి ముంజేతికి అదే అంటుకుంటుంది. మనిషికి మందు వేసి దూడను వదిలేస్తే ప్రయోజనం ఉండదు.

బట్టలు విడిగా వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో ఆరవేసి, వీలైతే ఇస్త్రీ చేసి వాడాలి. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఉంటే అందరూ ఒకేసారి మొదలుపెట్టాలి.

సీమ అవిసె ఆకు

తామరకు మూలికల్లో మొదట చెప్పుకోవలసింది ఇదే. మెట్టతామర అని కూడా పిలిచే ఈ మొక్క అమెరికా ఖండం నుంచి వచ్చి మన దగ్గర కాలువ గట్ల మీద, తోటల అంచుల్లో పెరుగుతోంది. పసుపు పూల గుత్తి కొవ్వొత్తిలా నిటారుగా నిలబడుతుంది, కాయకు పొడవునా నాలుగు రెక్కల్లాంటి అంచులు ఉంటాయి, ఆకులు రాత్రి ముడుచుకుంటాయి. కూర వండుకునే అవిసె చెట్టు వేరు, దానితో దీన్ని కలపకూడదు. పసుపు పూలు చూసి రోడ్డు పక్కన విరివిగా ఉండే తంగేడును దీనిగా భ్రమపడేవారూ ఉన్నారు. తంగేడు చిట్టి ఆకులు చిన్నవిగా ఉంటాయి. సీమ అవిసె చిట్టి ఆకు ఒక్కోటి వేలి పొడవు ఉండి, కోడిగుడ్డు ఆకారంలో వెడల్పుగా ఉంటుంది. శేషాచలం అడవిలోకి వెళ్లి ఆకు కోయడం చట్టవిరుద్ధం కాబట్టి ఆ ప్రయత్నం చేయవద్దు. నర్సరీలో అడిగి కుండీలో పెంచుకోవడం సులువు.

ఈ ఆకులో ఆంత్రాక్వినోన్లు అనే వర్గానికి చెందిన రసాయనాలు ఉన్నాయి, శిలీంధ్రాల పెరుగుదలను అవి అడ్డుకుంటాయి. ఫిలిప్పీన్స్ ఆరోగ్య శాఖ తమ ప్రజలకు సిఫారసు చేసిన పది ఔషధ మొక్కల్లో ఇది ఒకటి, చర్మ శిలీంధ్రాల కోసమే. మద్రాసు పరిశోధకులు దీని ఆకు సారాన్ని శోభి రోగుల మీద వాడి చూసి 1994లో ఫలితాలు ప్రచురించారు. కాబట్టి ఇది కేవలం అమ్మమ్మల మాట కాదు. అయితే ఇంట్లో నూరిన ముద్దలో మందు ఎంత ఉందో కొలిచి చెప్పడం సాధ్యం కాదు: ముదురు ఆకుకు, లేత ఆకుకు, ఎండాకాలపు ఆకుకు, వానాకాలపు ఆకుకు తేడా ఉంటుంది. ఒకరికి తగ్గిన పసరు మరొకరికి తగ్గకపోవడానికి ఇదొక కారణం.

వాడే పద్ధతి ఇది. ముదురు ఆకులు పది పన్నెండు కోసి, మంచినీళ్లతో కడిగి, పొడి బట్టతో తడి లేకుండా తుడవాలి. వంటకు వాడని చిన్న రోలులో నీళ్లు పోయకుండా నూరాలి. మరీ పొడిగా ఉంటే ఒక చెంచా కాచి చల్లార్చిన నీళ్లు చాలు. ముద్దను శుభ్రమైన పలుచని బట్టలో వేసి పిండితే ముదురాకుపచ్చ పసరు దిగుతుంది. మొదటిసారి దాన్ని మచ్చ మీద పెట్టకుండా, ముంజేయి లోపలి వైపు ఒక బొట్టు రాసి ఒక రోజంతా చూడాలి. ఎర్రబడినా, మంట పుట్టినా ఆ మూలిక మీకు పడదు. ఏమీ కాకపోతే, మచ్చను సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనిచ్చి, అంచు నుంచి బయటికి రెండు సెంటీమీటర్ల దాకా పూయాలి. అరగంట ఉంచి కడిగి, రుద్దకుండా బట్టతో అద్ది ఆరబెట్టాలి. ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి చాలు. ప్రతిసారీ తాజాగా నూరుకోవాలి. ఫ్రిజ్‌లో దాచిన పసరు పులిసి కొత్త బాధ తెస్తుంది. బట్టకు మరక పడుతుంది కాబట్టి పాత లుంగీ కట్టుకోవడం మంచిది.

ఇందులో నిమ్మరసం కలిపి రాసే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. నిమ్మరసం పూసిన చర్మానికి ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలు లేచి నల్లటి మచ్చలు నెలల తరబడి మిగులుతాయి, కనుక కలపవద్దు. ఈ ఆకును కషాయంగా తాగడం కూడా వద్దు, అది విరేచనకారి.

మిగతావి ఎంతవరకు

వేపాకును ముద్దగా పూయడం కన్నా కషాయంతో కడగడం మంచిదని నా అభిప్రాయం. రెండు గుప్పెళ్ల ఆకును లీటరు నీళ్లలో వేసి సగానికి మరిగించి, చల్లార్చి, వడగట్టి, స్నానం చివర మచ్చ మీద పోసుకోవాలి. ఏ రోజుది ఆ రోజే పారబోయాలి. దురద కాస్త సద్దుమణుగుతుంది, గోకుడు తగ్గితే పాకడమూ తగ్గుతుంది. తామరను వేపాకు ఒక్కటే తుడిచిపెడుతుందని మాత్రం నమ్మవద్దు. వేపనూనెను పసిపిల్లల నోట్లో ఎప్పుడూ పోయకూడదు. అలా తాగించిన పిల్లలకు మూర్ఛలు వచ్చి మెదడు దెబ్బతిన్న సందర్భాలు వైద్య గ్రంథాల్లో నమోదయ్యాయి.

పసుపు శిలీంధ్రాన్ని ప్రయోగశాల గాజు పళ్లెంలో అడ్డుకున్నంత సులభంగా చర్మంలో అడ్డుకోలేదు, ఎందుకంటే అందులోని కర్క్యుమిన్ చర్మంలోకి బాగా దిగదు. వాడదలచుకుంటే కొమ్ములు తెచ్చి ఇంట్లో దంచుకున్న పొడినే వాడాలి, కొట్లో దొరికే పొడిలో రంగులు కలిసే ప్రమాదం ఉంది. కాళ్లకు పసుపు రాసుకునే ఆడవారు వేళ్ల సందుల్లో తడి పసుపు నిలవకుండా చూసుకోవాలి.

వెల్లుల్లి సంగతి ఆసక్తికరమైనది. అందులోంచి తీసిన అజోయిన్ అనే పదార్థాన్ని 0.4 శాతం క్రీముగా చేసి వెనిజులా పరిశోధకులు కాలివేళ్ల సందుల తామరకు వాడగా మంచి ఫలితం వచ్చిందని 1996లో ప్రచురించారు. ఇది చదివి పచ్చి వెల్లుల్లి నూరి కట్టు కట్టేవారున్నారు. కొలిచి చేసిన క్రీము వేరు, పచ్చి రెబ్బ వేరు. పచ్చి రెబ్బ కొన్ని గంటల్లోనే చర్మాన్ని కాల్చి బొబ్బలెక్కిస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన టీ ట్రీ నూనె విషయంలో కూడా బలం ముఖ్యం. 25, 50 శాతం ద్రావణాలు కాలివేళ్ల సందుల తామరలో ఉత్తుత్తి మందు (పోల్చి చూడటానికి ఇచ్చే, మందు లేని పూత) కన్నా మెరుగ్గా పనిచేశాయి, 10 శాతం క్రీము మాత్రం దురద, పొలుసులు తగ్గించిందే గాని శిలీంధ్రాన్ని తొలగించడంలో ఉత్తుత్తి మందును మించలేదు. గాఢమైన నూనెతో చర్మం పగలవచ్చు కాబట్టి దీన్ని పాదాలకే పరిమితం చేయాలి, గజ్జల్లో పూయకూడదు.

కానుగ నూనెను పిక్కల మీద, ముంజేతుల మీద ఉన్న పొడి మచ్చకు, మూడు వంతుల కొబ్బరినూనెలో ఒక వంతు కలిపి పలుచగా రాయవచ్చు. ఒళ్లు మడతపడే చోట ఏ నూనె పూసినా చెమటను పట్టి ఉంచుతుంది, అందుకే గజ్జల్లోనూ చంకల్లోనూ నూనె మందులు నేను సూచించను. శోభికి, తలలో చుండ్రుకు నూనె అసలే వద్దు. వాటికి కారణమైన మలసీజియా అనే శిలీంధ్రం కొవ్వు ఆమ్లాలను తిని పెరిగేది. చుండ్రు ఉందని తలకు నూనె దట్టించి పడుకుంటే దానికి భోజనం పెట్టినట్టే. గోకి గోకి మండుతున్న చర్మానికి కలబంద గుజ్జు హాయినిస్తుంది, కానీ కోసిన వెంటనే కారే పసుపు జిగురును పూర్తిగా కార్చి కడిగేశాకే తెల్ల గుజ్జును తీయాలి.

వీటిని ముట్టుకోవద్దు: జిల్లేడు పాలు, నల్లజీడి గింజ రసం, చిత్రమూలం వేరు, కిరోసిన్, బ్యాటరీ ఆసిడ్. తామర మీద ఇవి పూస్తే పైచర్మం కాలి ఊడిపోతుంది, దానితోపాటు మచ్చ పోయినట్టు అనిపిస్తుంది, మిగిలేది పుండు. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపే దెబ్బతింటుంది. పుత్తూరు కట్టుకు పేరుపడిన ప్రాంతం మనది, నాటువైద్యం మీద నమ్మకం ఉండటం సహజమే. కానీ విరిగిన ఎముకకు కట్టు కట్టే నేర్పుకీ, కాల్చే పసరు పూయడానికీ సంబంధం లేదు.

ట్యూబు గురించి, గడువు గురించి

మూలిక మొదలుపెట్టే ముందు ఇంట్లో ఉన్న ట్యూబు మీద చిన్న అక్షరాలు చదవాలి. క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి పేరు ఉంటే అందులో స్టెరాయిడ్ ఉంది. అది దురదను ఒక్క రోజులో అణచివేస్తుంది, ఎరుపు పోతుంది, శిలీంధ్రం మాత్రం లోలోపల హాయిగా పాకుతుంది. కొన్ని వారాలకు ఉంగరం ఆకారం చెదిరి, ఉంగరంలో ఉంగరంగా ఒళ్లంతా వస్తుంది, గజ్జల్లో చర్మం పలుచబడి చారలు పడతాయి. పూత స్టెరాయిడ్లను డాక్టరు చీటీ లేకుండా అమ్మకుండా కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధన తెచ్చినా, కౌంటరు మీద అడిగితే ఇచ్చే దుకాణాలు ఇంకా ఉన్నాయి. అలాంటి క్రీము ఇప్పటికే వాడినవారు ఆకు పసరుతో ప్రయోగాలు చేయకుండా చర్మవైద్యుడి దగ్గరికే వెళ్లాలి. పేరూ లైసెన్సు నంబరూ లేని డబ్బాల్లో అమ్మే "మూలికా లేపనాల"కూ దూరంగా ఉండాలి. ఒక్క రోజులో దురద మాయమైతే, ఆ డబ్బాలో ఉన్నది మూలికేనా అని అనుమానించాలి.

గడువు కొలవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. మొదలుపెట్టిన రోజు మచ్చ అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి, సెల్‌ఫోనులో ఫొటో తీయాలి. స్నానానికి గీత చెరిగిపోతుంది కాబట్టి పక్కన ఒక నాణెం పెట్టి తీస్తే తర్వాత పోల్చుకోవచ్చు. వారానికోసారి అదే వెలుతురులో అదే దూరం నుంచి తీయాలి. అంచు గీత దాటి బయటికి పోయినా, పక్కన కొత్త మచ్చ లేచినా, చీము పట్టినా ఆ రోజే మూలిక ఆపాలి. ఏదీ జరగకపోయినా, రెండు వారాలకు అంచు చదును కాకపోతే ఇక పొడిగించకూడదు. తగ్గుతూ ఉంటే, మచ్చ కనిపించకుండా పోయాక కూడా మరో రెండు వారాలు కొనసాగించాలి. కంటికి కనిపించకపోయినా శిలీంధ్రం పైపొరలో మిగిలి ఉంటుంది. తిరగబెట్టే తామరల్లో సగానికి ఈ తొందరే కారణమని నా నమ్మకం.

ఈ గడువు మీద పట్టుబట్టడానికి కారణం ఉంది. కొన్నేళ్లుగా మన దేశంలో తామర మొండిగా మారింది. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో పేరు పెట్టిన శిలీంధ్రం, తామరకు డాక్టర్లు ఇచ్చే టెర్బినఫిన్ వంటి మందుకే చాలాచోట్ల లొంగడం లేదు. అలాంటిది ఆకు పసరుకు లొంగుతుందని నెలలు గడపడం వల్ల అది ఇంటిల్లిపాదికీ అంటుతుంది.

తిరుపతిలో రుయా ఆసుపత్రి చర్మవ్యాధుల విభాగంలో చూపించుకోవచ్చు. మూలికా వైద్యమే కావాలనుకునేవారు సొంతంగా నూరుకునే బదులు శ్రీ వేంకటేశ్వర ఆయుర్వేద కళాశాల ఆసుపత్రిలో అడిగితే, మోతాదు తెలిసిన లేపనం దొరుకుతుంది. ఎక్కడికి వెళ్లినా, ఇంతవరకు ఏ ఆకు, ఏ ట్యూబు, ఎన్నాళ్లు పూశారో దాచకుండా చెప్పాలి, వీలైతే ఆ ట్యూబును, ఫోనులోని ఫొటోలను తీసుకెళ్లాలి. పొలుసును గీసి సూక్ష్మదర్శినిలో చూసే చిన్న పరీక్షతో శిలీంధ్రం ఉందో లేదో తేలుతుంది. దానికోసం వెళ్లే రోజు మచ్చ మీద పసరు గానీ నూనె గానీ పౌడరు గానీ లేకుండా, ఆ చోటును పొడిగా వదిలేసి వెళ్లాలి.